కర్నూలు సీమ క్రైస్తవ కథ – 7: నంద్యాల ఎందుకు కలవనంది?

గత భాగంలో రుద్రవరం మాలగేరి నుంచి ముత్యాలపాడు దాకా వచ్చాం. లండన్ మిషన్‌లో పనిచేస్తూ 1842లో ఎస్‌పీజీకి మారిన విలియం హోవెల్ నల్లమల అంచు పల్లెల్లో పని మొదలుపెట్టడం, తర్వాత జాన్ క్లే ముత్యాలపాడును కేంద్రం చేసుకుని బడులు నడపడం, 1876–78 ధాత కరువు ముగిశాక మిషన్ల చుట్టూ జనం పెరగడం చూశాం. ఈసారి ఏడు దశాబ్దాలు దాటి నేరుగా స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదికి వెళ్తున్నాం. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ శాఖల వాళ్ళు ఒకే సంఘంగా ఏర్పడ్డారు. దేశం స్వతంత్రమై ఆరు వారాలే అయింది. ఐరోపాలో పుట్టిన మతశాఖల తగాదాలను ఇక మేం మోయమని భారత క్రైస్తవులు లోకానికి చెప్పిన రోజది. ఆ పండుగలో నంద్యాల లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ, కలసపాడు చుట్టుపక్కల పల్లెల్లోని ఎస్‌పీజీ సంఘాల్లో ఎక్కువ భాగం మేం కలవమన్నాయి, కలకత్తా మెట్రోపాలిటన్ పాలన కిందే ఉంటామన్నాయి. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళకు పైగా ఆ మాట మీదే నిలబడ్డాయి.

ఎందుకు? దీనికి రెండు జవాబులు ప్రచారంలో ఉన్నాయి. వాళ్ళు దొరల మనుషులు, తెల్లవాళ్ళు పోతుంటే చెయ్యి వదల్లేకపోయారు అన్నది ఒకటి. అది పూర్తిగా సిద్ధాంతానికి సంబంధించిన పట్టు, బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని వాళ్ళను గురువులుగా ఒప్పుకోలేకపోయారు అన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, ఏదీ చాలదు. ఆ కాలపు సంగతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఊరి వెలుపల బతికిన మనుషులకు మిషన్ ద్వారా ఒక మర్యాద దొరికింది. ఆ మర్యాద నిజమైనది. కానీ అది ఏ రూపంలో వచ్చిందో ఆ రూపమే క్రమంగా దేవుడంత పవిత్రమైంది. ఇది నంద్యాలకు మాత్రమే పట్టిన జబ్బు కాదు. మన పల్లెల్లోకి ఈ విశ్వాసాన్ని మోసుకొచ్చిన ఇంగ్లీషు, అమెరికన్ సంస్థలకు అంతకు ముందే పట్టింది. అందుకే కథను కాసేపు సముద్రం అవతల నుంచి చెప్పాలి.

ఎస్‌పీజీ అంటే సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ ది గాస్పెల్. 1701లో ఇంగ్లండు రాజు మూడో విలియం ఇచ్చిన రాజపత్రంతో పుట్టింది. పుట్టింది ఇండియా కోసం కాదు, అమెరికాలోని ఇంగ్లీషు వలసల కోసం. అక్కడి ఊళ్ళకు గురువులను పంపడం, జీతాలివ్వడం, గుళ్ళు కట్టించడం దాని పని. దానికి బార్బడోస్‌లో కాడ్రింగ్టన్ అనే దాత రాసిచ్చిన చెరకు తోటలు దక్కాయి, ఆ తోటల్లో బానిసలూ ఉన్నారు. సువార్త ప్రకటించే సంఘం తన బానిసల రొమ్ము మీద ‘సొసైటీ’ అన్న అక్షరాలు కాల్చి ముద్ర వేయించింది. ఈ ఒక్క సంగతి దగ్గర పాఠకులు కాస్త ఆగాలి. ఆ ముద్ర వేయించినవాళ్ళు నాస్తికులు కారు, దొంగభక్తులు కూడా కాకపోవచ్చు. తమ దేశం, తమ రాజు, తమ ఆస్తి, తమ దేవుడు అన్నీ ఒకటే అనుకున్న మనుషులు. అలా అనుకున్నవాళ్ళకు తాము చేస్తున్నది పాపంగా కనిపించదు. 1783లో అమెరికా స్వతంత్ర దేశమయ్యాక ఎస్‌పీజీ అక్కడి గురువులకు డబ్బు ఆపేసింది. రాజపత్రం ప్రకారం సొసైటీ పని రాజుగారి రాజ్యంలోనే. రాజ్యం మారేసరికి నిన్నటి సహోదరులు పరాయివాళ్ళయ్యారు.

అప్పుడు అమెరికా ఆంగ్లికన్లకు వచ్చిన చిక్కే నూట అరవై ఏళ్ళ తర్వాత నంద్యాలకూ వచ్చింది: రాజు పోయాక మా బిషప్పు ఎవరు? కనెటికట్ గురువులు సామ్యూల్ సీబరీని ఎన్నుకుని ఇంగ్లండుకు పంపారు. అక్కడ రాజుకు విధేయత ప్రమాణం చేస్తే తప్ప అభిషేకం కుదరదన్నారు. ఆయన స్కాట్లండు వెళ్ళి, 1784 నవంబరు 14న అబర్డీన్‌లో అక్కడి బిషప్పుల చేతుల మీదుగా అభిషేకం పొందాడు. ఈ సీబరీ యుద్ధకాలంలో రాజు పక్షం మాట్లాడినవాడు. అయినా సంఘం బతకాలంటే రాజును పక్కన పెట్టాలని ఆయనకు అర్థమైంది. 1789లో అమెరికన్లు తమ ప్రార్థన పుస్తకాన్ని సవరించుకుని, రాజు కోసం చేసే ప్రార్థన తీసేసి అధ్యక్షుడి కోసం చేసే ప్రార్థన పెట్టుకున్నారు. గుడి కొత్త జెండాకు అలవాటు పడింది. జెండా లేకుండా ఎలా ప్రార్థించాలన్న ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇప్పుడు ఆళ్ళగడ్డ వైపు రండి. ఆ రోజుల్లో చాలా పల్లెల్లో బడే గుడి. ఆదివారం పొద్దున పలకలు గోడకు చేర్చి, చాపలు పరిచి, తెల్లగుడ్డ కప్పిన బల్ల ముందు ఉపదేశి నిలబడేవాడు. గురువు ఆ ఊరికి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు, మిగతా వారాలన్నీ ఉపదేశివే. అక్షరం రాని ఆడవాళ్ళకు సైతం ప్రార్థన పుస్తకంలోని జవాబులు కంఠతా వచ్చేవి. ఆ పుస్తకంలో ఇంగ్లండు రాణి కోసం, తర్వాత రాజుల కోసం ప్రార్థనలున్నాయి. వారమంతా నల్లరేగడిలో జొన్న కోసిన మనిషి, రెడ్డిగారి అరుగు ఎక్కడానికి అర్హత లేని మనిషి, ఆదివారం నిలబడి లండన్‌లోని చక్రవర్తి క్షేమం కోసం తెలుగులో దేవుణ్ణి వేడుకునేవాడు. దీన్ని బానిస మనస్తత్వమని తేలిగ్గా కొట్టిపారేయవచ్చు. కానీ ఆ మనిషి వైపు నుంచి చూడండి. కరణం పేరు పెట్టి పిలవని తనను, మునసబు దూరంగా నిలబెట్టే తనను, రాజు పేరు పలకడానికి అర్హుణ్ణి చేసింది ఆ గుడి. ఆ పుస్తకం చేతిలో ఉన్నంతసేపు అతను ఊరి లెక్కలోనే కాదు, లోకం లెక్కలోనూ మనిషి.

ఇక్కడే జాతీయవాదులు ఒక అభ్యంతరం లేవనెత్తుతారు, దాన్ని దాటవేయకూడదు. రుద్రవరంలో మాల కుటుంబాల మధ్య మిషన్ వేళ్ళూనుకున్న ఆ 1840లలోనే, ఆ పక్కనే, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ మీద తిరగబడ్డాడు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కాడు. ఆయన తలను కోట గుమ్మానికి వేలాడదీసి మూడు దశాబ్దాలు అలాగే ఉంచారు. ఒకే సీమలో, ఒకే దశాబ్దంలో, ఒకరు తెల్లవాడి చేతిలో ప్రాణం పోగొట్టుకుంటుంటే ఇంకొకరు తెల్లవాడి మతం పుచ్చుకున్నారు కదా, వీళ్ళది ఏ దేశభక్తి అని అడుగుతారు. నరసింహారెడ్డి త్యాగాన్ని తగ్గించి చెప్పాల్సిన పని లేదు. ఆయన వెంట బోయలు, చెంచులు నడిచారన్నదీ నిజమే. కానీ ఆ పోరాటం మొదలైంది పాలెగాళ్ళ కుటుంబాలకు రావలసిన భరణాలు, మిరాశీ హక్కుల దగ్గర. మాలగేరికి పోగొట్టుకోవడానికి మిరాశీ లేదు, తిరిగి గెలుచుకోవడానికి రాజ్యం లేదు. తమకెన్నడూ వాటా ఇవ్వని దేశాన్ని వాళ్ళు వదిలేశారనడం న్యాయం కాదు. తమ పిల్లలకు అక్షరాలు దిద్దించే గురువు కావాలని వాళ్ళు అడిగారు, ఇచ్చినవాణ్ణి నమ్ముకున్నారు.

అయితే ఇచ్చినవాళ్ళు ఒక్కరే కాదు. నల్లమల చుట్టూ మిషన్లు సీమలను పంచుకున్నాయి. కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషన్. కంభం, మార్కాపురం, కర్నూలు వైపు అమెరికన్ బాప్టిస్టులు. మధ్యలో ఎస్‌పీజీ. ఈ బాప్టిస్టుల కథ కూడా జాతి, జాతీయతల ముడుల్లోంచి వచ్చిందే. బానిసల యజమాని మిషనరీ కావచ్చా అన్న తగాదాలో 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలారు. దక్షిణాదివాళ్ళు బానిసత్వాన్ని బైబిలుతోనే సమర్థించుకున్నారు. నెల్లూరు మిషన్ ఉత్తరాదివాళ్ళ వాటాకు వచ్చింది. 1853లో ఫలితం లేదని దాన్ని మూసేద్దామనుకుంటున్నప్పుడు, దాన్ని ఒంటరి నక్షత్రంతో పోలుస్తూ ఒక పద్యం రాసి నిలబెట్టినవాడు సామ్యూల్ స్మిత్. అమెరికన్లు జాతీయగీతంలా పాడుకున్న ‘అమెరికా’ గేయాన్ని 1831లో రాసినవాడు ఆయనే. స్వేచ్ఛను కీర్తించే ఆ గేయాన్ని జనం గుళ్ళలోనూ పాడుతున్న రోజుల్లోనే ఆ దేశంలో లక్షలమంది నల్లవాళ్ళు సంతలో అమ్ముడుపోయారు. ఆయన పద్యంతో బతికిన మిషన్‌లోనే పాతికేళ్ళ తర్వాత, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. ఎస్‌పీజీ, లండన్ మిషన్లలో ఎక్కువమంది మాలలు. అలా మిషన్ పేరు మెల్లగా కులం పేరుకు మారుపేరైంది. ఏ సంఘమన్నది చెబితే ఏ గేరి నుంచి వచ్చారో ఎదుటివాడికి తెలిసిపోయేది. సంబంధాలు కలుపుకునేటప్పుడు కూడా అదే లెక్క. క్రీస్తులో భేదం లేదని చెప్పే ఉపదేశం అమెరికాలో వర్ణం దగ్గర ఆగినట్టే ఇక్కడ కులం దగ్గర ఆగింది.

ఈ గోడలన్నీ చూసి బాధపడ్డవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి మనిషి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. అంతకు రెండేళ్ళ ముందే ఎడింబరో సభలో, మీరు మాకోసం డబ్బూ ప్రాణాలూ ఇస్తారు గానీ మాతో స్నేహితుల్లా కూర్చోరు అని మిషనరీల ముఖం మీదే అడిగినవాడు. 1919లో తరంగంబాడిలో ఐక్యతకు పిలుపునిచ్చిన వాళ్ళలో ముందు నిలిచాడు. తర్వాత నంద్యాల ఎస్‌పీజీ ప్రాంతం కూడా ఆయన పాలన కిందికి వచ్చింది. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఆడవాళ్ళు పిడికెడు గింజలు దేవుడి పేర తీసిపెట్టే అలవాటును ఆయన దోర్నకల్ సంఘాల్లో గట్టిగా ప్రోత్సహించాడు. విదేశీ డబ్బు ఆగినా గుడి నిలబడాలన్నది ఆయన ఆలోచన. దోర్నకల్ కతీడ్రల్‌ను గుడి, మసీదు, చర్చి శిల్పాలు కలిపి కట్టించి 1939లో ప్రతిష్ఠించాడు. ఐక్య సంఘాన్ని కళ్ళారా చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశాడు. ఆయన ఇంకో మూడేళ్ళు బతికుంటే నంద్యాల కలిసేదా? చెప్పలేం. కానీ నచ్చజెప్పగల పెద్దమనిషి లేని సమయంలో నిర్ణయం జరగడం చిన్న సంగతి కాదు.

1947లో ఆళ్ళగడ్డ పక్క పల్లె గురువు ముందు ఉన్న లెక్కను చూద్దాం. ఐక్య సంఘంలోకి వెళ్తే బిషప్పుల అభిషేకం లేని లండన్ మిషన్, మెథడిస్టు గురువులు తనతో సమానులవుతారు. ముప్పై ఏళ్ళ పాటు ఈ కలగలుపు ఉంటుందని, ఏ సంఘం మీదా ఇష్టం లేని గురువును రుద్దబోమని ఒప్పందంలో హామీ ఉంది. ఎస్‌పీజీ బోధించిన ఉన్నత ఆంగ్లికన్ పద్ధతిలో పెరిగినవాళ్ళకు ఆ హామీ చాలలేదు. అపొస్తలుల నుంచి చేతి మీద చెయ్యిగా వచ్చిన పరంపర తెగితే సంస్కారమే చెల్లదేమోనన్న భయం వాళ్ళకు నిజంగా ఉంది. దాన్ని నాటకం అనడానికి వీల్లేదు. రెండో వైపు జీతం. ఐక్య సంఘంలోకి వెళ్ళిన వాళ్ళకు తన సాధారణ నిధి నుంచి డబ్బు ఇవ్వబోనని ఎస్‌పీజీ ఇంగ్లండులో తేల్చింది. ఇవ్వాలనుకునే దాతల కోసం వేరే ఖాతా తెరిచింది. నంద్యాల బడుల పంతుళ్ళు, ఉపదేశులు, గురువులు ఆ డబ్బు మీదే బతికేవాళ్ళు. 1783 తర్వాత అమెరికాలో చేసిన పనినే సొసైటీ ఇంకో రూపంలో మళ్ళీ చేసింది. మనస్సాక్షినీ కడుపునూ ఒకే తాడుతో కట్టేసిన తర్వాత, ఏది ఎటు లాగిందో విడదీసి చూపడం చరిత్రకారుడి వల్ల కూడా కాదు.

మరి దొరల మనుషులన్న నింద సంగతి? ఇది అంత తేలిగ్గా నిలవదు. నంద్యాలవాళ్ళు అంటిపెట్టుకున్నది కాంటర్బరీని కాదు, కలకత్తాను. ఇండియాలోని ఆంగ్లికన్ సంఘానికి ఇంగ్లండు ప్రభుత్వంతో ఉన్న చట్టబంధం 1930లోనే తెగిపోయింది. 1950లో ఆ సంఘానికి తొలి భారతీయ మెట్రోపాలిటన్‌గా అరవిందనాథ్ ముఖర్జీ వచ్చాడు. అదే సమయంలో, జాతీయ సంఘమని గర్వంగా చెప్పుకున్న దక్షిణ ఇండియా సంఘానికి మోడరేటర్ మైకేల్ హోలిస్ అనే ఇంగ్లీషువాడు. విదేశీ పట్టు అన్న మాట పడ్డ నంద్యాలకు పెద్ద ఒక బెంగాలీ, స్వదేశీ పేరున్న సంఘానికి పెద్ద ఒక ఆంగ్లేయుడు. కాబట్టి ఎవరు దేశభక్తులన్న తూకంతో ఈ తగాదాను కొలిస్తే తప్పుదారి పడతాం. ‘జాతీయ సంఘం’ అన్న మాట కూడా పూజకు తగిన పీఠం కాగలదు. నంద్యాలను తప్పుపట్టినవాళ్ళలో కొందరికి ఐక్యత అంటే క్రీస్తు కోరిన ఐక్యత కంటే కొత్త దేశం ముందు చూపించుకోవడానికి పనికొచ్చే రుజువులాగే ఉండింది.

బైబిలు చదివిన ప్రతి ఇంట్లో ఇత్తడి సర్పం కథ తెలుసు. ఎడారిలో పాము కాటుకు చనిపోతున్న జనం బతకాలని దేవుడు చెబితేనే మోషే దాన్ని చేయించాడు. తరాలు గడిచాక అదే జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయాల్సి వచ్చింది. అహోబిలం, మహానంది ఉన్న సీమలో విగ్రహం అనగానే పక్కవాడి గుడి వైపు చూసే అలవాటు క్రైస్తవులకు ఉంది. ఆ కథ మాత్రం చూపును వాళ్ళ వైపే తిప్పుతుంది. ప్రాణం పోసిన వరమే పూజ అడుగుతుంది. ఎస్‌పీజీ బడి, బిషప్పు పరంపర, ప్రార్థన పుస్తకం నంద్యాలకు అలాంటి వరాలు. అవి పోతే మళ్ళీ ఊరి వెలుపలి మనుషులమైపోతామన్న భయం వాటిని పట్టుకునేలా చేసింది. ఇదే కాలంలో అమెరికా ఇంకో దిక్కున నడుస్తోంది. కమ్యూనిస్టు రష్యాతో పోటీ ముదిరిన ఆ రోజుల్లో, 1954లో జెండా ప్రతిజ్ఞలో దేవుడి పేరు చేర్చారు, 1956లో దేవుడి మీద నమ్మకాన్ని దేశ నినాదంగా చట్టం చేశారు. అదే సమయంలో దక్షిణాది గుళ్ళు చాలావాటిలో నల్లవాళ్ళకు చోటు లేదు. అక్కడ బలవంతుడు దేవుడి పేరును తన జెండాకు కుట్టుకున్నాడు. ఇక్కడ బలహీనుడు తనకు దొరికిన ఆసరాకు దేవుడి పేరు పెట్టుకున్నాడు. రెండూ విశ్వాసాన్ని వంచినవే, కానీ రెండింటినీ ఒకే తప్పుగా తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు. ఒకరికి అది ఇంకొకరిని బయట ఉంచే సాధనం, మరొకరికి మళ్ళీ బయటికి నెట్టబడతామన్న భయం.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1963లో నంద్యాల ప్రత్యేక డయోసిస్ అయింది. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడి, నంద్యాల నమ్ముకున్న తల్లి సంఘం దానిలో కలిసిపోయింది. అక్కడ కలిసేటప్పుడు అన్ని శాఖల గురువుల మీదా చేతులుంచి ప్రార్థించే పద్ధతి పెట్టారు. ఇటు దక్షిణాన ముప్పై ఏళ్ళ గడువు దగ్గర పడేసరికి గురువుల్లో అత్యధికులు బిషప్పుల చేత అభిషేకం పొందినవాళ్ళే. సిద్ధాంతం పేరుతో చెప్పిన అభ్యంతరం చాలావరకు కరిగిపోయింది, సొసైటీ డబ్బు శాశ్వతం కాదని కూడా అర్థమైంది. 1975లో నంద్యాల దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. సంఘాలు కలిశాయి. గేరులు కలిశాయా అన్నది వేరే లెక్క, అది ఇంకా తేలలేదు.

నంద్యాల బిషప్పుల పరంపర గురించి మథనపడుతున్న ఆ రోజుల్లోనే ఢిల్లీలో ఇంకో కాగితం మీద సంతకం పడింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువు కాని మనిషి షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడని చెప్పింది. తర్వాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. ఆళ్ళగడ్డ తాలూకాలో బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు పుట్టుకొచ్చిన తీరు, ఒకే ఇంట్లో అన్న ఎస్‌సీగా తమ్ముడు బీసీ–సీగా నమోదయ్యే పరిస్థితి, దాని మీద ఇప్పటికీ నడుస్తున్న వాదన వచ్చే భాగంలో.